జె.బి.ఎస్. హాల్డేన్

జాన్ బర్డన్ శాండర్సన్ హాల్డేన్ (1892 నవంబరు 5 - 1964 డిసెంబరు 1) ప్రపంచ ప్రసిద్ధి చెందిన జన్యుశాస్త్రవేత్త, శరీరధర్మ శాస్త్రవేత్త, రచయిత. ప్రకృతివరణాన్ని గణితసూత్రాలతో వివరించి, డార్విన్ సిద్ధాంతాన్ని మెండెల్ సూత్రాలతో సమన్వయపరచిన ముగ్గురు ప్రముఖులలో ఈయన ఒకడు. మిగిలిన ఇద్దరు ఆర్.ఎ. ఫిషర్, సూయల్ రైట్. ఆర్‌హెచ్ రక్తవర్గం వలన శిశువులకు కలిగే వ్యాధిని ప్రకృతివరణ దృష్టితో తొలిసారిగా లెక్కగట్టినవాడు కూడా ఈయనే. ఇంగ్లండులో జన్మించిన హాల్డేన్ జీవితంలోని చివరి ఏడేళ్లు భారతదేశంలో గడిపి, భారత పౌరుడై, భువనేశ్వర్‌లో మరణించాడు. ఈయన కోరిక మేరకు భౌతికకాయాన్ని కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించారు.

బాల్యం

హాల్డేన్ ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌లో జన్మించాడు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ శ్వాసక్రియపై పరిశోధనలు చేసిన శరీరధర్మ శాస్త్రవేత్త. తల్లి లూయిసా కాత్లీన్ ట్రాటర్. ఈయన చెల్లెలు నేవోమి మిచిసన్ తరువాతి కాలంలో పేరొందిన నవలారచయిత్రి.

గనులలోని విషవాయువుల గురించి, సముద్రగర్భంలో పనిచేసే గజ ఈతగాళ్లకు కలిగే ప్రమాదాల గురించి తండ్రి పరిశోధించేవాడు. ఆ పరీక్షలను ముందుగా తనపైనే చేసుకొనేవాడు. కుమారుణ్ణి కూడా సహాయకునిగా వెంట తీసుకువెళ్లేవాడు. ఒకమారు బొగ్గుగనిలో మీథేన్ వాయువు చేరిన చోట బాలుణ్ణి నిలబెట్టి, షేక్‌స్పియర్ నాటకంలోని ఒక ప్రసంగాన్ని వల్లించమన్నాడు. కొద్ది వాక్యాలు గడిచేసరికి బాలుడు ఊపిరాడక కూలబడ్డాడు. నేల దగ్గర మంచిగాలి ఉండడంతో తేరుకున్నాడు. మీథేన్ గాలికంటె తేలికైనదని, అది పైకప్పు వద్ద చేరుతుందని ఆ విధంగా అనుభవపూర్వకంగా తెలుసుకున్నాడు. శాస్త్రజ్ఞుడు తాను భరించలేని పరీక్షను ఇతరులపై చేయరాదన్న తండ్రి నియమాన్ని హాల్డేన్ జీవితాంతం పాటించాడు.

1901లో, ఎనిమిదేళ్ల వయస్సులో, మెండెల్ సూత్రాలపై జరిగిన ఒక ఉపన్యాసానికి తండ్రి ఈయనను తీసుకువెళ్లాడు. మెండెల్ పరిశోధనలు వెలుగులోకి వచ్చి అప్పటికి ఏడాది మాత్రమే అయింది. కొన్నేళ్ల తరువాత అన్నాచెల్లెళ్లు ఇద్దరూ ఇంట్లోనే గినీ పందులను, ఎలుకలను పెంచి వాటి సంతతిలో లక్షణాలు ఏ విధంగా సంక్రమిస్తున్నాయో గమనించసాగారు.

విద్య, యుద్ధ సేవ

ఈటన్ పాఠశాలలోను, ఆక్స్‌ఫర్డ్‌లోని న్యూ కాలేజిలోను హాల్డేన్ చదివాడు. కళాశాలలో గణితం, ప్రాచీన గ్రీకు, లాటిన్ సాహిత్యాలు, తత్వశాస్త్రం అభ్యసించి 1914లో ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణుడయ్యాడు. విజ్ఞానశాస్త్రంలో ఈయనకు ఎటువంటి పట్టా లేకపోవడం విశేషం.

మొదటి ప్రపంచయుద్ధంలో బ్లాక్ వాచ్ దళాధికారిగా ఫ్రాన్స్‌లోను, మెసపొటేమియాలోను పోరాడి గాయపడ్డాడు. 1915లో ఎలుకలలో జన్యు సహలగ్నత గురించిన పరిశోధన పత్రం వెలువడింది. క్షీరదాలలో సహలగ్నతను నిరూపించిన తొలి పత్రాలలో ఇది ఒకటి. దీని రచయితలు ముగ్గురు: హాల్డేన్, చెల్లెలు నేవోమి, మిత్రుడు ఎ.డి. స్ప్రంట్. స్ప్రంట్ ఆ యుద్ధంలోనే మరణించాడు. గాయపడిన హాల్డేన్‌ను చికిత్స, విశ్రాంతి కొరకు భారతదేశానికి పంపారు. ఈ దేశంతో ఆయనకు పరిచయం అప్పుడే కలిగింది.

ఉద్యోగ జీవితం

యుద్ధానంతరం కొంతకాలం న్యూ కాలేజిలో పనిచేసి, 1923లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో జీవరసాయనశాస్త్ర రీడరుగా చేరాడు. అక్కడ ఎంజైముల చర్యావేగంపై పరిశోధించి 1930లో ఒక ప్రామాణిక గ్రంథం ప్రచురించాడు. 1932లో రాయల్ సొసైటీ సభ్యునిగా ఎన్నికయ్యాడు. 1933లో లండన్ యూనివర్సిటీ కాలేజిలో జన్యుశాస్త్ర ఆచార్యుడై, 1937 నుండి అక్కడే జీవమితిశాస్త్ర ఆచార్యునిగా 1957 వరకు పనిచేశాడు. 1952లో రాయల్ సొసైటీ ఈయనకు డార్విన్ పతకాన్ని బహూకరించింది.

1926లో షార్లెట్ ఫ్రాంకెన్‌ను వివాహమాడాడు. ఆమె విడాకుల వ్యవహారంలో ఈయన పేరు రావడంతో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం ఈయనను పదవినుండి తొలగించింది. హాల్డేన్ ఆ నిర్ణయాన్ని సవాలు చేసి గెలిచి, తిరిగి ఉద్యోగంలో చేరాడు. 1945లో ఈ వివాహం రద్దయిన తరువాత, జీవశాస్త్రవేత్త హెలెన్ స్పర్వేను పెండ్లి చేసుకున్నాడు.

స్వదేహంపై ప్రయోగాలు

రక్తంలో ఆమ్లగుణం పెరిగితే శ్వాస ఎట్లా మారుతుందో తెలుసుకొనుటకు హాల్డేన్ అమ్మోనియం క్లోరైడు ద్రావణాన్ని తానే తాగి, ఆయాసపడుతూ తన స్థితిని నమోదు చేశాడు. రక్తం క్షారగుణం పొందడం వలన శిశువులకు వచ్చే ఈడ్పుల వ్యాధికి జర్మనీలోని వైద్యులు ఇదే పదార్థాన్ని చికిత్సగా వాడారు.

1939 జూన్‌లో థెటిస్ అనే జలాంతర్గామి మునిగి 99 మంది మరణించారు. ఆ ప్రమాదంపై విచారణలోను, అనంతరం బ్రిటిష్ నౌకాదళం కొరకు చేసిన పరిశోధనలలోను హాల్డేన్ పాల్గొన్నాడు. అధిక పీడనపు గదులలో కూర్చొని ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ వంటి వాయువుల ప్రభావాన్ని స్వయంగా అనుభవించి చూశాడు. ఒక పరీక్షలో మూర్ఛ వచ్చి వెన్నుపూస దెబ్బతిని, ఆ నొప్పి మరణపర్యంతం బాధించింది. కర్ణభేరికి రంధ్రం కూడా పడింది. దాని గుండా పొగ వదలగలనని ఆయన పరిహాసమాడేవాడు.

జన్యుశాస్త్ర కృషి

1924 నుండి పదేళ్లపాటు వెలువరించిన పత్రమాలికలో, ఒక జన్యువుకు కొద్దిపాటి అనుకూలత ఉన్నప్పుడు అది ఎన్ని తరాలలో జనాభా అంతటా వ్యాపించగలదో హాల్డేన్ లెక్కగట్టాడు. ఇంగ్లండులోని పారిశ్రామిక ప్రాంతాలలో లేతరంగు చిమ్మటల స్థానంలో నల్లని చిమ్మటలు కొద్ది దశాబ్దాలలోనే పెరిగిపోయాయి. అంత త్వరగా ఆ మార్పు రావాలంటే నల్లచిమ్మటలు సుమారు ఒకటిన్నర రెట్లు సంతానాన్ని మిగిల్చి ఉండాలని ఈయన లెక్క చూపింది. ప్రకృతివరణం అంత తీవ్రంగా పనిచేస్తుందని అప్పటివరకు ఎవరూ ఊహించలేదు.

1935లో హీమోఫిలియా వ్యాధిని ఆధారం చేసుకొని మానవులలో ఒక జన్యువు ఉత్పరివర్తనం చెందే వేగాన్ని అంచనా వేశాడు. తరానికి సుమారు 50,000 జన్యువులలో ఒకటి మారుతుందని తేల్చాడు. 1937లో జూలియా బెల్‌తో కలిసి, హీమోఫిలియాకు వర్ణాంధత్వానికి కారణమైన జన్యువులు ఒకే క్రోమోజోముపై సమీపంలో ఉన్నాయని చూపాడు. మానవులలో గుర్తించిన తొలి సహలగ్నతలలో ఇది ప్రముఖమైనది.

ఆర్‌హెచ్ రక్తవర్గం

1901లో కార్ల్ లాండ్‌స్టైనర్ ఎ, బి, ఓ రక్తవర్గాలను కనుగొన్నాడు. అయినను ఒకే వర్గపు రక్తం ఎక్కించినప్పుడు కూడా అరుదుగా ప్రమాదాలు జరిగేవి. 1939లో న్యూయార్కులో ఫిలిప్ లెవిన్, రూఫస్ స్టెట్సన్ అటువంటి సంఘటనను వర్ణించారు. మృతశిశువును కన్న ఒక తల్లికి భర్త రక్తం ఎక్కించగా ఆమెకు తీవ్రమైన వికటింపు కలిగింది. మరుసటి ఏడు లాండ్‌స్టైనర్, అలెగ్జాండర్ వీనర్ రీసస్ కోతి రక్తంతో చేసిన ప్రయోగాల ద్వారా ఆర్‌హెచ్ కారకాన్ని ప్రకటించారు. ఎర్ర రక్తకణాలపై డి అనే ప్రతిజనకం ఉన్నవారు ఆర్‌హెచ్ పాజిటివ్, లేనివారు నెగటివ్.

డి జన్యువు బహిర్గతమైనది. తల్లిదండ్రులిద్దరి నుండి డి లేని రూపం సంక్రమించినవారే నెగటివ్ అవుతారు. నెగటివ్ తల్లి గర్భంలో పాజిటివ్ శిశువు పెరిగినపుడు, సాధారణంగా ప్రసవ సమయంలో శిశువు రక్తకణాలు కొన్ని తల్లి రక్తంలో చేరతాయి. తల్లి శరీరం వాటికి వ్యతిరేకంగా ప్రతిరక్షకాలను తయారుచేస్తుంది. అందువలన తొలి శిశువు సాధారణంగా క్షేమంగానే ఉంటాడు. తరువాతి గర్భంలో ఆ ప్రతిరక్షకాలు మాయ గుండా ప్రవేశించి శిశువు రక్తకణాలను నాశనం చేస్తాయి. శిశువు రక్తహీనతతోను, తీవ్రమైన కామెర్లతోను బాధపడతాడు. కొందరు గర్భంలోనే మరణిస్తారు.

ఈ వ్యాధి కారణం 1941లో స్పష్టమైంది. మరుసటి ఏడాదే హాల్డేన్ దీనిపై పత్రం ప్రచురించాడు. ఆయన తర్కం సరళమైనది. తల్లి నెగటివ్ కనుక ఆమె నుండి శిశువుకు డి లేని రూపమే వస్తుంది. శిశువు పాజిటివ్ కనుక తండ్రి నుండి డి వచ్చి ఉండాలి. అంటే వ్యాధి పాలబడే ప్రతి శిశువు తప్పనిసరిగా విషమయుగ్మజమే. అట్టి శిశువు మరణించిన ప్రతిసారి రెండు రూపాలలోను ఒక్కొక్క ప్రతి జనాభా నుండి తొలగిపోతుంది.

రెండూ సమసంఖ్యలో తొలగినప్పటికీ, తక్కువగా ఉన్న రూపానికే ఎక్కువ నష్టం. భారతదేశంలో వంద మందిలో సుమారు 5 గురు నెగటివ్ అనుకుంటే, వారందరిలోని 200 ప్రతులలో డి లేనివి సుమారు 45, డి ఉన్నవి 155 అవుతాయి. చెరొకటి పోతే 45లో ఒకటి పోవడం 155లో ఒకటి పోవడంకంటె పెద్ద లోటు. ఇట్లా తరతరానికి జరిగితే అరుదైన రూపం క్రమంగా అంతరించిపోవాలి. రెండు రూపాలు సరిసమానంగా ఉన్నచోట మాత్రమే తులనాస్థితి ఉంటుంది. అదీ నిలకడ లేనిది, ఏ కొద్ది మొగ్గుకైనా చెదిరిపోతుంది.

ఐరోపాలో నెగటివ్ వర్గంవారు నూటికి సుమారు 15 మంది. అంతరించవలసిన రూపం అంత ఎక్కువగా ఎందుకు మిగిలి ఉన్నదన్నది హాల్డేన్ ముందున్న ప్రశ్న. దాదాపు అందరూ పాజిటివ్‌గా ఉన్న జాతికి, నెగటివ్‌లు అధికంగా ఉన్న జాతికి మధ్య చరిత్రలో కొద్ది వేల ఏళ్ల క్రితమే సంకరం జరిగి ఉంటుందని, వరణం తన పని పూర్తిచేయుటకు ఇంకా సమయం చాలలేదని ఆయన సూచించాడు. తరువాత స్పెయిన్, ఫ్రాన్స్ సరిహద్దులలోని బాస్క్ ప్రజలలో నెగటివ్‌లు సుమారు మూడవవంతు ఉన్నట్లు తెలియడంతో ఈ ఊహకు బలం చేకూరింది. నేటి ఐరోపా ప్రజలు వివిధ జనసమూహాల కలయిక వలన ఏర్పడినవారని ప్రాచీన డీఎన్ఏ పరిశోధనలు ధ్రువీకరించాయి. కాని ఆర్‌హెచ్ నెగటివ్ వ్యాప్తికి అదొక్కటే కారణమా అన్న చర్చ ముగియలేదు.

ఈ గణాంకాలకు వైద్యపరంగా కూడా ప్రాధాన్యం ఉంది. ఆర్‌హెచ్ వర్గాన్ని పట్టించుకోకుండా పెళ్లిళ్లు జరుగుతాయనుకుంటే, ఐరోపాలో వంద జంటలలో సుమారు 13, మన దేశంలో సుమారు 5 జంటలలో భార్య నెగటివ్, భర్త పాజిటివ్‌గా ఉంటారు. 1960వ దశకంలో ఇంగ్లండు, అమెరికా శాస్త్రజ్ఞులు వేర్వేరుగా కృషిచేసి నివారణ మార్గం కనుగొన్నారు. పాజిటివ్ శిశువును ప్రసవించిన నెగటివ్ తల్లికి 72 గంటలలోపు యాంటీ-డి సూదిమందు ఇస్తే, ఆమె శరీరం ప్రతిరక్షకాలను తయారుచేయకముందే శిశువు కణాలు తొలగిపోతాయి. గర్భం 28వ వారంలో కూడా దీనిని ఇస్తారు. గర్భస్రావమైన తరువాత కూడా వైద్యులు దీని అవసరాన్ని పరిశీలిస్తారు. ఈ మందు 1968లో వాడుకలోకి వచ్చింది. హాల్డేన్ అప్పటికి నాలుగేళ్ల క్రితమే మరణించాడు. ఆయన లెక్కించిన వరణాన్ని నేడు ఒక సూదిమందు చాలావరకు నిలిపివేస్తున్నది.

మలేరియా, తలసీమియా

మానవరక్తానికి సంబంధించి హాల్డేన్ చేసిన మరొక ప్రతిపాదనకు మూలం సికింద్రాబాదులో కనిపిస్తుంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో సైనిక వైద్యుడు రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని గుర్తించాడు. ఆ క్రిమి మానవుని ఎర్ర రక్తకణాలలో పెరుగుతుందని అప్పటికే తెలుసు. మధ్యధరా ప్రాంతంలో మలేరియా ఉన్న చోట్ల తలసీమియా అనే వంశపారంపర్య రక్తహీనత ఎక్కువగా ఉండడాన్ని హాల్డేన్ గమనించాడు. ఇద్దరు తల్లిదండ్రుల నుండి ఆ జన్యువు సంక్రమించిన బిడ్డ తీవ్రవ్యాధికి లోనవుతాడు. ఒకరి నుండి మాత్రమే సంక్రమించినవాడు మలేరియాను తట్టుకొనగలడని, అందువలననే హానికరమైన ఆ జన్యువు నశించకుండా నిలిచి ఉన్నదని 1949లో ప్రచురించిన పత్రంలో ఊహించాడు. 1954లో ఆంథోనీ ఆలిసన్ ఆఫ్రికాలో కొడవలి కణ రక్తహీనతపై చేసిన పరిశోధనలు ఈ ఆలోచన సరియైనదని చూపాయి.

ఆర్‌హెచ్ విషయంలో విషమయుగ్మజానికి హాని, తలసీమియాలో విషమయుగ్మజానికి రక్షణ. మొదటిది వైవిధ్యాన్ని తగ్గిస్తుంది, రెండవది నిలుపుతుంది. ఈ రెండింటిని పక్కపక్కన ఉంచి చూసినపుడు హాల్డేన్ ఆలోచనాసరళి విద్యార్థులకు తేలికగా బోధపడుతుంది.

రాజకీయ భావాలు

హాల్డేన్ మార్క్సిస్టు. స్పెయిన్ అంతర్యుద్ధకాలంలో అక్కడి ప్రభుత్వానికి విషవాయువుల నుండి రక్షణ విషయమై సలహాలిచ్చాడు. 1942లో బ్రిటిష్ కమ్యూనిస్టు పార్టీలో చేరాడు. సోవియట్ యూనియన్‌లో లైసెంకో ప్రోద్బలంతో జన్యుశాస్త్రాన్ని నిషేధించి శాస్త్రవేత్తలను వేధించినపుడు ఈయన తగినంత స్పష్టంగా ఖండించలేదన్న విమర్శ ఉంది. 1950 ప్రాంతంలో పార్టీకి దూరమయ్యాడు.

భారతదేశంలో

1957లో పి.సి. మహలనోబిస్ ఆహ్వానంపై హాల్డేన్ దంపతులు కలకత్తాలోని భారత గణాంకశాస్త్ర సంస్థలో చేరారు. సూయెజ్ కాలువ విషయంలో బ్రిటన్ జరిపిన దాడికి నిరసనగా దేశం విడిచినట్లు హాల్డేన్ ప్రకటించాడు. తాను సంపాదకత్వం వహిస్తున్న జర్నల్ ఆఫ్ జెనెటిక్స్ పత్రికను కూడా వెంట తెచ్చాడు. భారతీయ దుస్తులు ధరించి, శాకాహారిగా జీవించాడు. 1961లో భారత పౌరుడయ్యాడు. పరిపాలనా విషయాలలో అభిప్రాయభేదాలు రావడంతో అదే సంవత్సరం సంస్థను విడిచిపెట్టాడు. 1962లో భువనేశ్వర్‌లో ఒడిశా ప్రభుత్వ సహాయంతో జన్యుశాస్త్ర, జీవమితి ప్రయోగశాలను నెలకొల్పాడు.

ఖరీదైన పరికరాలు లేకున్నా, పొలంలోను పెరట్లోను కనిపించేదానిని శ్రద్ధగా లెక్కపెడితే మంచి విజ్ఞానం వెలువడుతుందని ఆయన భారతీయ విద్యార్థులకు బోధించాడు. కొబ్బరిచెట్ల ఆకుల వరుసలు, సీతాకోకచిలుకలు వాలే పూలరంగులు, కందిరీగల గూళ్లు వంటివి ఆయన శిష్యులకు పరిశోధనాంశాలయ్యాయి.

తెలుగునాటితో సంబంధం

హాల్డేన్ శిష్యులలో పిఠాపురంలో జన్మించిన ద్రోణంరాజు కృష్ణ ముఖ్యుడు. చెవి అంచులపై వెంట్రుకలు మొలిచే లక్షణం ఆంధ్రప్రాంతపు కుటుంబాలలో తండ్రి నుండి కొడుకుకు వస్తున్న తీరును ఈయన పరిశీలించాడు. ఇది వై క్రోమోజోము ద్వారా సంక్రమిస్తుందని చాలాకాలం పాఠ్యగ్రంథాలలో ఉండేది. 2004లో దక్షిణ భారతీయులపై వెలువడిన డీఎన్ఏ పరిశోధన ఈ అభిప్రాయాన్ని సమర్థించలేదు.

ద్రోణంరాజు కృష్ణ, పి. మీరాఖాన్‌తో కలిసి ఆంధ్రప్రదేశ్‌లో మేనరికాలను అధ్యయనం చేశాడు. ఐరోపాలో మేనమామ-మేనకోడలు వివాహాలు దాదాపు లేవు. తెలుగు కుటుంబాలలో ఇవి సర్వసాధారణం కావడం వలన హాల్డేన్ ఈ విషయంపై ప్రత్యేక ఆసక్తి చూపాడు. బావామరదళ్ల సంతానంలో ఒక జన్యుస్థానంలోని రెండు ప్రతులు ఒకే పూర్వీకుని నుండి వచ్చినవై ఉండే అవకాశం 16లో ఒకటి. మేనమామ-మేనకోడళ్ల సంతానంలో 8లో ఒకటి. అందువలన తలసీమియా వంటి అంతర్గత జన్యువ్యాధులు బయటపడే ప్రమాదం పెరుగుతుంది. ఆర్‌హెచ్ విషయంలో లెక్క కొంత భిన్నం. భార్య నెగటివ్ అయినపుడు, రక్తసంబంధీకుడైన భర్తలో కూడా అదే జన్యువు ఉండే అవకాశం ఎక్కువ కనుక పొసగని జంటలు కొంత తగ్గుతాయి. అయినను మేనరికంలో కూడా రక్తపరీక్ష అవసరం తీరదు.

మరణం, దేహదానం

1964 ఆరంభంలో హాల్డేన్‌కు లండన్‌లో క్యాన్సర్ శస్త్రచికిత్స జరిగింది. ఆసుపత్రిలో ఉండగానే తన వ్యాధిపై హాస్యధోరణిలో ఒక పద్యం వ్రాసి ప్రచురించాడు. లక్షణాలు కనిపించిన వెంటనే వైద్యుని వద్దకు వెళ్లవలెనని పాఠకులను హెచ్చరించుటే దాని ఉద్దేశం. బీబీసీ కొరకు తన సంస్మరణ ప్రసంగాన్ని తానే ముందుగా రికార్డు చేశాడు. వ్యాధి తిరగబెట్టి 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో మరణించాడు.

మరణానంతరం తన శరీరంతో తనకు పని ఉండదని, అది వైద్యవిద్యకు, పరిశోధనకు ఉపయోగపడాలని ఆయన వీలునామాలో కోరాడు. ఆ ప్రకారం దేహాన్ని కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు చేర్చారు. 1958లో స్థాపితమైన ఆ కళాశాలకు అప్పటికి ఆరేళ్లే నిండాయి. దేహదానం అరుదుగా జరిగే ఆ రోజులలో ఇది ఆదర్శప్రాయమైన చర్య. బాల్యంలో గనిలో మొదలై ప్రయోగశాలలలో కొనసాగిన ఆ శరీరపు సేవ, తెలుగు విద్యార్థుల శిక్షణతో పూర్తయింది. భార్య హెలెన్ స్పర్వే 1978లో హైదరాబాదులో మరణించింది.

ముఖ్య రచనలు

డేడలస్ (1924)
పాజిబుల్ వరల్డ్స్ (1927)
ది కాజెస్ ఆఫ్ ఎవల్యూషన్ (1932)
మై ఫ్రెండ్ మిస్టర్ లీకీ (1937, బాలల కథలు)
న్యూ పాత్స్ ఇన్ జెనెటిక్స్ (1941)